ఆ మాత్రలు మీరే తెచ్చిచ్చారని కుమిలిపోకండి

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది జనగామ పక్కన ఒక ఊరు. మా బాపుకు 61 ఏళ్ళు. మూడు నెలల కిందట ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది, నాలుగో స్టేజి అన్నారు. హైదరాబాద్‌లో మూడు వారాలకోసారి కీమోతో పాటు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఎక్కిస్తున్నారు. రెండు సైకిళ్ళు అయ్యాయి. మొదటి సైకిల్‌కు పది రోజుల ముందు దగ్గు ఎక్కువైతే, ఊళ్ళో ఆర్‌ఎంపీ చెప్పిన అజిత్రోమైసిన్, అది తగ్గించకపోతే ఇంకో యాంటీబయోటిక్, మొత్తం వారం రోజులు వేశాం. షాపుకెళ్ళి తెచ్చింది నేనే. ఇప్పుడు డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు ఒక వీడియో పంపాడు. యాంటీబయోటిక్ వాడితే పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి ఇమ్యునోథెరపీ పనిచేయదట. అది చూసిన రోజు నుంచి నాకు నిద్ర లేదు. లక్షలు పోసి చేయిస్తున్న వైద్యాన్ని నా చేతులతో నేనే పాడుచేశానా? ప్రోబయోటిక్ క్యాప్సూల్స్ వేస్తే సరిపోతుందని మెడికల్ షాపులో అంటున్నారు, వేయమంటారా? ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మలం నుంచి బ్యాక్టీరియా తీసి ఎక్కిస్తారట, అది చేయించాలా అని తమ్ముడు అడుగుతున్నాడు. బాపు ఏళ్ళ తరబడి రోజూ గ్యాస్ మాత్ర, పాంటాప్రజోల్ వేసుకుంటాడు. అదీ మంచిది కాదా? మా అమ్మ భయంతో మెత్తటి అన్నం, పాలు, బ్రెడ్డు తప్ప ఏమీ పెట్టడం లేదు. బాపేమో జొన్న రొట్టె అడుగుతున్నాడు. దాని మీద నెయ్యి వేసుకోవచ్చా అని కూడా రాయమన్నాడు.
ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ప్రశ్నలు చాలా ఉన్నాయి గానీ వాటన్నిటి కింద ఉన్నది ఒకటే బాధ: "నేనే పాడుచేశానా?" అని. ముందు దానికే జవాబు చెబుతాను. లేదు, మీరు పాడుచేయలేదు. తమ్ముడు పంపిన వీడియోలో ఉన్నది పూర్తిగా అబద్ధమని కాదు. అందులో నిజం ఉంది. కానీ ఆ నిజం మీరు భయపడుతున్న రూపంలో లేదు. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, ఓపికగా చదవండి. అర్థమైతే భయం దానంతట అదే తగ్గుతుంది.

మీ నాన్నగారికి ఎక్కిస్తున్న పెంబ్రోలిజుమాబ్ నేరుగా క్యాన్సర్ కణాన్ని చంపే మందు కాదు. మన రక్తంలో టి కణాలని ఉంటాయి. శరీరంలో పరాయివాళ్ళు ఎవరున్నారో వెతికి చంపడం వాటి పని. వాటికి పట్టపగ్గాలు లేకపోతే మన సొంత అవయవాల మీదే పడతాయి. అందుకని ప్రకృతి వాటి ఒంటి మీదే పీడీ-1 అనే పగ్గం పెట్టింది. ఎదుటి కణం మీద ఉన్న పీడీ-ఎల్1 వచ్చి ఆ పగ్గాన్ని లాగితే, "మనవాళ్ళేలే, వదిలెయ్" అని టి కణం వెనక్కి తగ్గుతుంది. దీన్నే ఇమ్యూన్ చెక్‌పాయింట్ అంటారు. క్యాన్సర్ కణం చేసే మోసం ఇక్కడే ఉంది. తన ఒంటి నిండా పీడీ-ఎల్1 పెంచుకుని, దగ్గరికొచ్చిన టి కణానికల్లా "నేనూ మీవాణ్ణే" అని చెప్పి తప్పించుకుంటుంది. పెంబ్రోలిజుమాబ్ వెళ్ళి టి కణం మీదున్న పీడీ-1ను కప్పేస్తుంది. ఇక ఎదుటివాడు లాగడానికి పగ్గం దొరకదు. ఈ దారి చూపినందుకే జపాన్ శాస్త్రవేత్త తసుకు హోంజోకు, సీటీఎల్ఏ-4 అనే ఇంకో పగ్గం మీద పనిచేసిన అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ ఆలిసన్‌కు కలిపి 2018లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మీ నాన్నగారి ఫైల్లో పీడీ-ఎల్1 ఇంత శాతం అని ఒక రిపోర్టు ఉంటుంది చూడండి, అది ఈ కథలోదే.

పగ్గం తీసేసినంత మాత్రాన ఎద్దు నడవాలని లేదు కదా. దానికి సత్తువ ఉండాలి, ఎటు వెళ్ళాలో తెలియాలి. ఈ మందు కొందరిలో అద్భుతంగా పనిచేసి, కొందరిలో అసలు పనిచేయకపోవడం మా డాక్టర్లందరికీ మింగుడుపడని విషయం. ఒకే రకం క్యాన్సర్, ఒకే స్టేజి, ఒకే మందు, అయినా ఫలితాలు వేరు. ఎందుకని వెతుకుతూ వెళ్ళినవాళ్ళు పేగుల దగ్గర తేలారు.

దీని మొదలు నాకు ఎంతో ఇష్టమైన కథ, చెప్పకుండా ఉండలేను. షికాగో విశ్వవిద్యాలయంలో థామస్ గజెవ్‌స్కీ ల్యాబులో ఎలుకల మీద మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ప్రయోగాలు చేసేవారు. ఒకే జాతి ఎలుకలు, కాకపోతే రెండు వేర్వేరు కంపెనీల నుంచి కొన్నవి. ఒక కంపెనీ ఎలుకల్లో గడ్డ నెమ్మదిగా పెరుగుతోంది, ఇంకో కంపెనీ ఎలుకల్లో జోరుగా పెరుగుతోంది. జన్యువుల్లో తేడా లేదు. మరి తేడా ఎక్కడుంది? రెండు రకాలనూ ఒకే పంజరంలో కలిపి పెంచారు. తేడా మాయమైపోయింది! ఎలుకలు ఒకదాని పెంటికలు ఇంకొకటి తింటాయి. అలా ఒకదాని పేగుల్లోని బ్యాక్టీరియా రెండోదానికి చేరింది, దానితో పాటు క్యాన్సర్‌ను అదుపులో పెట్టే గుణమూ చేరింది. బిఫిడోబ్యాక్టీరియా అనే జాతిని విడిగా తినిపించి చూస్తే, అదొక్కటే చెక్‌పాయింట్ మందుతో సమానంగా గడ్డను ఆపింది. రెండూ కలిపి ఇస్తే గడ్డ దాదాపుగా పెరగనేలేదు. ఇది 2015లో ఒక శాస్త్ర పత్రికలో అచ్చయింది. అదే సంచికలో పారిస్ పక్కనున్న గుస్తావ్ రూసీ ఆసుపత్రి నుంచి లారెన్స్ జిట్‌వోగెల్ బృందం, పేగుల్లో బ్యాక్టీరియా లేకుండా చేసిన ఎలుకల్లో సీటీఎల్ఏ-4 పగ్గాన్ని తీసే మందు పనిచేయడం లేదని చూపించింది.

2018 నాటికి ఇది మనుషుల దాకా వచ్చింది. హ్యూస్టన్, షికాగో, పారిస్ బృందాలు ఇమ్యునోథెరపీ తీసుకుంటున్న రోగుల మలం పరీక్షించారు. మందు పనిచేసినవాళ్ళ పేగుల్లో ఒక తీరు బ్యాక్టీరియా, పనిచేయనివాళ్ళలో మరో తీరు కనబడింది. మందు పనిచేసిన రోగి మలాన్ని, పేగుల్లో ఏ బ్యాక్టీరియా లేకుండా పెంచిన ఎలుకకు ఇస్తే ఆ ఎలుకలోనూ మందు పనిచేసింది. పనిచేయని రోగిది ఇస్తే పనిచేయలేదు. పారిస్ వాళ్ళు 249 మంది రోగులను చూసి, మందు మొదలుపెట్టే రోజులకు అటూఇటూ యాంటీబయోటిక్ వాడిన 69 మందిలో క్యాన్సర్ త్వరగా తిరగబెట్టిందని కూడా రాశారు. మీ తమ్ముడు చూసిన వీడియోకు మూలం బహుశా ఇదే.

పేగుల్లో ఉన్న సూక్ష్మజీవికీ ఊపిరితిత్తిలో ఉన్న గడ్డకూ సంబంధం ఏమిటని మీకు అనిపించవచ్చు. మన రోగనిరోధక కణాల్లో చాలా భాగం పేగుల గోడల్లోనే కాపురం ఉంటాయి. అక్కడ బ్యాక్టీరియాను రోజూ చూస్తూ తర్ఫీదు పొంది, రక్తంలో పడి ఊరంతా తిరుగుతాయి. బ్యాక్టీరియా తయారుచేసే పదార్థాలు కూడా రక్తంలో కలిసి టి కణాలకు చురుకు పుట్టిస్తాయి. యాంటీబయోటిక్ వాడితే ఏం జరుగుతుందో 2023లో పారిస్ బృందమే మరో కోణం చూపించింది. చిన్నపేగు చివర మ్యాడ్‌క్యామ్-1 అనే ఒక కట్టుకొయ్య లాంటి ప్రోటీన్ ఉంటుంది. దాడిని చల్లార్చే రకం టి కణాలను అది పేగుల దగ్గరే కట్టేసి ఉంచుతుంది. యాంటీబయోటిక్ పడ్డాక ఈ కట్టుకొయ్య సన్నబడుతుంది. ఆ కణాలు కట్టు తెంచుకుని గడ్డ దగ్గరికి వెళ్ళి, అక్కడ పోరాడుతున్నవాటి చేతులు కట్టేస్తాయి.

ఇప్పుడు మీ సంగతికి వస్తాను. 2019లో బ్రిటన్ నుంచి 196 మంది రోగుల మీద ఒక అధ్యయనం వచ్చింది. ఇమ్యునోథెరపీకి ముందు 30 రోజుల్లో యాంటీబయోటిక్ వాడినవాళ్ళు సగటున 2 నెలలు, వాడనివాళ్ళు 26 నెలలు బతికారని అందులో ఉంది. ఈ అంకెను చూసి ఎవరి గుండె అయినా జారుతుంది. మీ వీడియోలోనూ ఇదే చెప్పి ఉంటారు. కానీ అమ్మా, కాస్త ఆగి ఆలోచించండి. యాంటీబయోటిక్ ఎవరికి రాస్తారు? జ్వరంతో, న్యుమోనియాతో, నీరసించి మంచంలో ఉన్నవాళ్ళకే కదా! వాళ్ళు ముందే ఎక్కువ జబ్బుతో ఉన్నవాళ్ళు. రెండు నెలలకే పోయింది మాత్ర వల్లనా, ఆ మాత్ర రాయవలసి వచ్చిన పరిస్థితి వల్లనా అన్నది ఇలాంటి లెక్కల్లో విడదీయడం చాలా కష్టం. ఇంకో విషయం గమనించండి. అదే అధ్యయనంలో, ఇమ్యునోథెరపీ నడుస్తుండగా మధ్యలో యాంటీబయోటిక్ వాడినవాళ్ళకు ఈ నష్టం కనబడలేదు.

మీకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న లెక్క వేరే ఉంది. పైన చెప్పినవాళ్ళు ఒట్టి ఇమ్యునోథెరపీ తీసుకున్నవాళ్ళు. మీ నాన్నగారికి దానితో పాటు కీమో కూడా నడుస్తోంది. సరిగ్గా ఇలా రెండూ కలిపి తీసుకున్న 302 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులను పరిశీలించి 2021లో రాశారు. వాళ్ళలో యాంటీబయోటిక్ వాడినవాళ్ళకూ వాడనివాళ్ళకూ ఫలితంలో తేడా తేలలేదు. తమ్ముడికి ఈ మాట తప్పకుండా చెప్పండి.

పోయిన బ్యాక్టీరియా తిరిగి వస్తుందా అంటే, చాలావరకు వస్తుంది. డెన్మార్క్‌లో 12 మంది ఆరోగ్యవంతులకు మూడు ఘాటైన యాంటీబయోటిక్స్ కలిపి నాలుగు రోజులు ఇచ్చి చూశారు. నెలన్నరలో పేగులు దాదాపు మామూలు స్థితికి వచ్చాయి. కొన్ని జాతులు మాత్రం ఆరు నెలలైనా కనబడలేదు. మీ నాన్నగారు మాత్రలు వాడి ఇప్పటికే రెండు నెలలు కావస్తోంది. అయిపోయినదాని గురించి రాత్రుళ్ళు మేలుకోవడం ఆపండి. మీరు ఆ రోజు తండ్రి దగ్గుతో అల్లాడుతుంటే చూడలేక మందు తెచ్చారు. ఇమ్యునోథెరపీ మొదలవబోతోందని, దానికీ దీనికీ సంబంధం ఉందని మీకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన బాధ్యత మాది.

ఇక మీదట చేయవలసింది మాత్రం ఉంది, ఇది జాగ్రత్తగా చదవండి. మళ్ళీ దగ్గు వస్తే ఊళ్ళో మందు వేయకండి. పేగుల బ్యాక్టీరియా కోసం మాత్రమే కాదు నేను చెబుతున్నది. ఇమ్యునోథెరపీ వల్ల టి కణాలు ఊపిరితిత్తి మీదే పడి వాపు తెప్పించవచ్చు. దాన్ని న్యుమోనైటిస్ అంటారు. అదీ పొడిదగ్గుతో, ఆయాసంతోనే మొదలవుతుంది. దానికి కావలసింది స్టెరాయిడ్, యాంటీబయోటిక్ కాదు. ఇన్ఫెక్షనే అనుకుని వారం రోజులు మాత్రలు మింగిస్తూ కూర్చుంటే విలువైన సమయం పోతుంది. కాబట్టి కొత్తగా దగ్గు, ఆయాసం వస్తే క్యాన్సర్ డాక్టరుకు అదే రోజు ఫోన్ చేయండి. మందుల అట్ట మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా కొనకూడని మందు అని గుర్తు. ఇంట్లో డబ్బాలో మిగిలిపోయిన అట్టలు ఉంటాయి కదా, వాటిని ఒకసారి తిప్పి చూడండి.

దీనికి రెండో వైపు కూడా అంతే ముఖ్యం. యాంటీబయోటిక్ అంటే భయపడి, అవసరమైనప్పుడు వద్దనకండి. కీమో నడుస్తోంది కాబట్టి మీ నాన్నగారికి తెల్ల రక్తకణాలు పడిపోయే రోజులు ఉంటాయి. అప్పుడు జ్వరం 100.4 దాటిందంటే అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి బయలుదేరాలి. అక్కడ గంటలోపు యాంటీబయోటిక్ ఎక్కిస్తారు, అది ప్రాణం నిలిపే మందు. ఆ క్షణాన పేగుల్లోని బ్యాక్టీరియా గురించి ఎవరూ ఆలోచించకూడదు. ఒక థర్మామీటర్ కొని మంచం పక్కన పెట్టండి.

ప్రోబయోటిక్ క్యాప్సూల్స్ వద్దు. మీరు అడగకపోయినా ఈ మాట చెప్పేవాణ్ణి. ఎందుకంటే ఈ ప్రశ్న నన్ను వారంలో నలుగురైదుగురు అడుగుతున్నారు, సగం మంది అప్పటికే వాడుతున్నారు. "మంచి బ్యాక్టీరియాయే కదా, వేస్తే నష్టమేముంది" అంటారు. నష్టం ఉండే వీలుంది. హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్ వాళ్ళు 2021లో రాసిన దాని ప్రకారం, ప్రోబయోటిక్ తినిపించిన ఎలుకల్లో ఇమ్యునోథెరపీ సరిగా పనిచేయలేదు. మనుషుల్లోనూ అన్నిటికన్నా బాగున్నది పీచు తగినంత తింటూ ప్రోబయోటిక్ వాడనివాళ్ళే. ఇజ్రాయెల్‌లో ఇంకో ప్రయోగం చేశారు. యాంటీబయోటిక్ కోర్సు అయిపోయిన ఆరోగ్యవంతుల్లో కొందరికి 11 రకాల బ్యాక్టీరియా ఉన్న ప్రోబయోటిక్ ఇచ్చారు, కొందరిని వాళ్ళ మానాన వదిలేశారు. వదిలేసినవాళ్ళ పేగులే ముందుగా మామూలయ్యాయి. క్యాప్సూల్‌లో నుంచి దిగినవి జాగా ఆక్రమించుకుని, సొంతవాటిని చాలాకాలం రానివ్వలేదు. మన పేగుల్లో వందల జాతులు ఉంటాయి. అదొక అడవి. అడవి తగలబడ్డాక నాలుగు రకాల మొక్కలు తెచ్చి కిక్కిరిసి నాటితే అది తోట అవుతుంది గానీ అడవి తిరిగి రాదు. తెల్ల రక్తకణాలు తక్కువున్నవాళ్ళకు ఆ క్యాప్సూల్‌లోని బ్యాక్టీరియాయే రక్తంలోకి చేరి ఇన్ఫెక్షన్ తెచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

న్యాయంగా రెండో మాట కూడా చెప్పాలి. కిడ్నీ క్యాన్సర్ రోగుల్లో సీబీఎం588 అనే ఒక ప్రత్యేకమైన రకం ఇచ్చి చూసిన చిన్న పరిశోధన 2022లో ఆశ కలిగించింది. అందులో ఉన్నది 29 మంది. వేరే క్యాన్సర్, వేరే మందులు, ఒక్కటంటే ఒక్క రకం బ్యాక్టీరియా. దాన్ని చూపించి షాపులోని డబ్బా కొనమనడం సరికాదు. "మీ మలం పంపండి, ఏ బ్యాక్టీరియా తక్కువుందో చెబుతాం" అనే కిట్లకు కూడా డబ్బు పెట్టకండి. ఏ బ్యాక్టీరియా మంచిదో శాస్త్రవేత్తలకే ఇంకా ఏకాభిప్రాయం లేదు. బ్రిటన్, నెదర్లాండ్స్, స్పెయిన్ రోగులను పోల్చి చూస్తే, అన్నిచోట్లా ఒకే తీరుగా మేలు చేసినది ఒక్క జాతి కూడా తేలలేదు. అక్కర్‌మాన్సియా అనే దానికి చాలా పేరొచ్చింది. అది ఉన్న ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు ఫలితం బాగుంది, కానీ మరీ ఎక్కువైపోయినవాళ్ళకు తగ్గింది. అందుకని కొలిచి, తక్కువైతే నింపేద్దాం అనుకునేంత సులువు కాదిది.

మీరు ఇంట్లో తోడుపెట్టే పెరుగు సంగతి వేరు, అది ఆహారం. మరగకాచిన పాలతో శుభ్రంగా తోడుపెట్టిన పెరుగు, పల్చటి మజ్జిగ నిశ్చింతగా ఇవ్వండి.

మలం నుంచి బ్యాక్టీరియా ఎక్కించడం గురించి తమ్ముడు అడిగింది తప్పేమీ కాదు, అది నిజంగా జరుగుతున్న పరిశోధన. 2021లో ఇజ్రాయెల్‌లో 10 మందికి, అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో 15 మందికి ఇలా చేశారు. అందరూ అంతకుముందు ఇమ్యునోథెరపీ పనిచేయని మెలనోమా రోగులే. మందు పనిచేసినవాళ్ళ నుంచి తీసి వీళ్ళకిచ్చి, మందు మళ్ళీ మొదలుపెడితే మొదటి చోట ముగ్గురికి, రెండో చోట ఆరుగురికి మేలు జరిగింది. తలుపు మూసుకుపోయిందనుకున్న వాళ్ళలో తొమ్మిది మందికి మళ్ళీ తెరుచుకుంది. ఆ వ్యాసాలు చదివిన రోజు నాకు ఎంత సంతోషం కలిగిందో మాటల్లో చెప్పలేను. 2023లో కెనడాలో ఆరోగ్యవంతుల నుంచి తీసి 20 మందికి ఇస్తే 13 మందిలో గడ్డలు తగ్గాయి. కానీ ఇవన్నీ చిన్న సంఖ్యలు, దాదాపు అన్నీ చర్మ క్యాన్సర్‌వి. పైగా ప్రమాదం లేనిదీ కాదు. 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. పరీక్ష చేయని ఒకే దాత మలం వల్ల ఇద్దరు రోగులకు మొండి ఈ-కోలి ఇన్ఫెక్షన్ సోకి, ఒకరు చనిపోయారు. కాబట్టి క్యాన్సర్ కోసం దీన్ని అనుమతి ఉన్న పరిశోధనలో తప్ప చేయించకూడదు. ఎవరైనా డబ్బు తీసుకుని చేస్తామంటే ఆ గడప తొక్కకండి.

పాంటాప్రజోల్ విషయంలో మీ అనుమానం మంచిదే. కడుపులో ఆమ్లం తగ్గితే, నోట్లో ఉండవలసిన బ్యాక్టీరియా పేగుల దాకా దిగుతుంది. అటెజోలిజుమాబ్ అనే, మీ నాన్నగారి మందు లాంటిదే ఇంకో మందు మీద జరిగిన రెండు పెద్ద పరిశోధనలను కలిపి చూస్తే, ఈ గ్యాస్ మాత్రలు వాడేవాళ్ళు తక్కువకాలం బతికారు. ఒట్టి కీమో తీసుకున్నవాళ్ళలో ఆ తేడా రాలేదు. ఇదీ ఖాయంగా తేలిన విషయం కాదు. అయితే మన దగ్గర చాలామంది ఈ మాత్రను ఎప్పుడో ఎవరో రాశారని పళ్ళు తోముకున్నంత అలవాటుగా పదేళ్ళు వేసుకుంటారు. ఎందుకు వేసుకుంటున్నారో వాళ్ళకే గుర్తుండదు. అలాంటిదైతే మానేయడమే మంచిది. కాకపోతే మీ అంతట మీరు ఆపకండి. కీమోతో పాటు స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు కాబట్టి కడుపు పుండు పడకుండా డాక్టరే ఇది రాసి ఉండవచ్చు. వచ్చే సైకిల్‌కు వెళ్ళినప్పుడు "ఇది ఇంకా అవసరమా సార్" అని అడగండి.

ఇప్పుడు మీ అమ్మగారి వంటింటికి వద్దాం. నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యంగా తోచిన విషయం అదే. జబ్బు మనిషికి మెత్తటిదే పెట్టాలని మన ఇళ్ళలో ఒక నమ్మకం. ప్రేమతోనే పెడతారు. కానీ తెల్లన్నం, పాలు, బ్రెడ్డులో పేగుల బ్యాక్టీరియాకు తిండి చాలా తక్కువ. వాటి తిండి పీచు, అంటే మనకు అరగకుండా పెద్దపేగు దాకా వెళ్ళే పదార్థం. ఇందాక చెప్పిన ఎండీ ఆండర్సన్ పరిశోధనలో 128 మంది మెలనోమా రోగుల తిండిని లెక్కగట్టారు. రోజుకు 20 గ్రాములకు పైగా పీచు తిన్నవాళ్ళలో క్యాన్సర్ ఎక్కువకాలం అదుపులో ఉంది. ప్రతి 5 గ్రాములు పెరిగినప్పుడల్లా జబ్బు ముదిరే ప్రమాదం 30 శాతం తగ్గింది. అది కూడా ఖచ్చితమైన రుజువు కాదు. పీచు బాగా తినేవాళ్ళు మొదటినుంచీ కాస్త ఆరోగ్యవంతులై ఉండొచ్చు. అయినా నేను నా రోగులకు దీన్ని గట్టిగా చెబుతాను. ఖర్చు లేదు, హాని లేదు, మలబద్ధకం పోతుంది.

మీ నాన్నగారు అడిగిన జొన్న రొట్టె ఆయన నోరు చెప్పిన మంచి మాట. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టిక చూడండి. వంద గ్రాముల తెల్ల బియ్యంలో పీచు 3 గ్రాములు కూడా ఉండదు. జొన్నల్లో 10, రాగుల్లో 11, పొట్టు తీయని పెసర్లలో 17 గ్రాములు ఉంటుంది. పొద్దున రాగి అంబలి, మధ్యాహ్నం ఒక రొట్టె, కందిపప్పులో పుంటికూరో తోటకూరో, సాయంత్రం బాగా ఉడికిన బొబ్బర గుడాలు ఒక గుప్పెడు, ఒక జామపండు. ఇందులో మీ ఊళ్ళో దొరకనిది ఏమీ లేదు. ఒక్కరోజులో మార్చేయకండి, గ్యాస్ పట్టి పొట్ట ఉబ్బుతుంది. రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచండి, నీళ్ళు ఎక్కువ తాగించండి. పండైనా కూరైనా బాగా కడగాలి, ఆకుకూర పచ్చిది వద్దు, బజారులో కోసి పెట్టిన పండ్లు, జ్యూసులు వద్దు. నోట్లో పుండ్లు పడి మింగలేని రోజుల్లో మీ అమ్మగారి మెత్తటి అన్నమే సరైనది, ఆ రోజుల్లో ఆమె మాట వినండి.

పీచు ఆపవలసిన సందర్భం ఒకటుంది, అది విరేచనాలు. దీని గురించి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. కొన్నేళ్ళ కిందట నా దగ్గర ఒక పెద్దాయన ఇమ్యునోథెరపీ తీసుకునేవాడు. మందు చక్కగా పనిచేస్తోంది. ఒకసారి రోజుకు ఎనిమిది తొమ్మిది సార్లు విరేచనాలు మొదలయ్యాయి. డాక్టరుకు చెబితే మంచి మందు ఆపేస్తాడేమోనని ఇంట్లోవాళ్ళు దాచారు. మజ్జిగ అన్నం పెడుతూ, షాపులో విరేచనాలు ఆగే మాత్ర తెచ్చి వేస్తూ ఐదు రోజులు నెట్టుకొచ్చారు. ఆరో రోజు రక్తం పడితే తీసుకొచ్చారు. స్ట్రెచర్ మీద ఆయన చెయ్యి పట్టుకుంటే చర్మం ముడత పడి అలాగే నిలిచిపోయింది, అంతగా నీరు పోయింది ఒంట్లో. వదిలేసిన టి కణాలు పెద్దపేగు మీద పడ్డాయి. స్టెరాయిడ్లతో బయటపడ్డాడు గానీ మూడు వారాలు ఆసుపత్రిలోనే ఉండాల్సి వచ్చింది. మొదటి రోజే చెప్పి ఉంటే మాత్రలతో పోయేది. మీ నాన్నగారికి మామూలుకన్నా నాలుగు సార్లు ఎక్కువ వెళ్ళవలసి వచ్చినా, రక్తం, జిగట కనబడినా, కడుపులో మెలిపెట్టినా ఇంటి వైద్యం చేయకుండా వెంటనే ఫోన్ చేయండి. చెబితే మందు ఆపేస్తారన్న భయం వద్దు. చాలాసార్లు కొంత విరామం తర్వాత మళ్ళీ మొదలుపెడతాం.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టండి. రోజూ జ్వరం ఎంత, విరేచనం ఎన్నిసార్లు, దగ్గు ఎలా ఉంది, ఏ మాత్రలు పడ్డాయి, నాలుగు ముక్కలు చాలు. మొదటి పేజీలో ఆ వారం వాడిన రెండు యాంటీబయోటిక్స్ పేర్లు, తేదీలు రాసి మీ డాక్టరుకు చూపించండి. దాచవలసినది అందులో ఏమీ లేదు. మూడు నాలుగు సైకిళ్ళ తర్వాత స్కాన్ తీస్తారు. మందు పనిచేస్తోందో లేదో చెప్పేది అదే. ఒకవేళ ఆ స్కాన్ మనం కోరుకున్నట్టు రాకపోయినా, దానికి కారణం ఆ వారం రోజుల మాత్రలని మీరు గానీ మీ తమ్ముడు గానీ అనుకోకూడదు. మందు పనిచేయకపోవడానికి గడ్డలోనే సవాలక్ష కారణాలు ఉంటాయి.

మీ నాన్నగారి ప్రశ్న మిగిలింది. వేడి రొట్టె మీద ఒక చెంచా నెయ్యి వేసుకోవచ్చు. ఈ వైద్యంలో బరువు తగ్గకుండా చూసుకోవాలి కాబట్టి ఆయనకది మంచిదే. రొట్టె కాస్త పల్చగా, మెత్తగా చేయమని అమ్మకు చెప్పండి, పప్పులో నానబెట్టుకుని తినమనండి.